మునెమ్మ క్లిప్పు జారలేదు

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు, మావైపు లెక్కలో ఆడి నెలలో, అంటే జూలై చివర, తిరుపతిలోని మా ఆసుపత్రి నన్ను కొత్త క్లిప్పు పరీక్షకు వేసింది. అప్పటికి నేను గుండె విభాగంలో గుండెను స్కాన్ చేసి చూసే సీనియర్ ఎకో టెక్నీషియన్ని. గుండె కవాటం సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారేవాళ్లకు, ఛాతీ కోయకుండా తొడ రక్తనాళం గుండా పంపి, కవాటం రెక్కలు రెంటినీ కలిపి పట్టి ఉంచే చిన్న క్లిప్పు అది. పెట్టడం డాక్టర్ల పని, తర్వాత ఎంత కారుతోందో కొలవడం నా పని. నా కొలత మీద నాకు గర్వం ఉండేది, దాచుకోను.

పూతలపట్టు దగ్గర మామిడితోటల్లో కూలికి పోయే మునెమ్మకు ఆ మరుసటి నెల ఆవణిలో క్లిప్పు వేశారు. మొదటి నెల పరీక్షకు నవ్వుతూ మెట్లెక్కి వచ్చింది. రెండో నెల, ఒక సోమవారం, కాళ్లు వాచి, నాలుగడుగులకే ఆయాసపడుతూ వచ్చింది. క్లిప్పు జారిందనీ, గురువారం రెండోది వేద్దామనీ మా ప్రొఫెసర్ అన్నారు. అరవై దాటిన మనిషికి మళ్లీ మత్తివ్వడమంటే మాటలు కాదు. నేను ఎకోలో మూడుసార్లు చూశాను. క్లిప్పు పెట్టినచోటే ఉంది, కారడమూ పెరగలేదు. జారలేదని ఆయన ముఖం మీదే చెప్పాను. అయితే కాళ్లెందుకు వాచాయో బుధవారంలోగా తేల్చమన్నారు.

మాత్ర వేసుకోగానే టిక్కు పెట్టే పుస్తకం ఒకటి రోగులకు ఇస్తాం, నెలనెలా దాన్ని మా నర్సు చూస్తుంది. మునెమ్మ పుస్తకంలో ఒక్క గడీ ఖాళీ లేదు. అయినా సంచిలోని మాత్రల అట్టలు తీయించాను. ఒంట్లో నీరు తీసే పొద్దుటి మాత్రలు నాలుగు ఎక్కువ మిగిలాయి. అప్పుడే ముగిసిన పెరటాసి నెలలో, వెంకన్నకు ఒక్కపొద్దుండే శనివారాలూ నాలుగే.

"ఒక్కపొద్దు నాడు మాత్ర యాడ మింగేది సార్? సామికి తళిగ ఏసినాంకనే కదా నోట్లో ఏమన్నా పడేది" అంది మునెమ్మ.

మరి టిక్కు ఎందుకు పెట్టావని అడిగాను.

"ఖాళీగా ఉంటే నర్సమ్మ బాధపడతాదని."

పైగా పొద్దుగూకాక, తళిగగా సామికి నైవేద్యం పెట్టిన పులిహోర, వడలు, ఉప్పంతా ఒంట్లోకే. సోమవారానికి కాళ్లు వాయక ఏం చేస్తాయి? ఒక గుక్క నీళ్లతో మాత్ర వేసుకుంటే ఒక్కపొద్దు చెడదని నచ్చజెప్పాను. ఉప్పు తగ్గించి, మాత్ర మానకుండా వేసుకున్నాక పదిరోజుల్లో వాపు దిగింది. గురువారం వేయాల్సిన రెండో క్లిప్పు బుధవారమే రద్దయింది.

పరికరాన్ని పరీక్షించేవాడు దాన్ని మోస్తున్న మనిషి ఏ రోజు ఏం తింటుందో, ఏ రోజు ఒక్కపొద్దుంటుందో కూడా అడగాలి. ఆ ప్రశ్న అప్పటినుంచి మా ఫారంలో చేరింది. నిజానికి అది నాకు ముందే తట్టాల్సింది. పెరటాసి శనివారాలు నేనూ ఒక్కపొద్దే. నా బీపీ మాత్రా ఆ రోజు పెట్టె దాటేది కాదు.

ఇప్పుడు దాటుతోంది.