ఖాళీ పెట్టెకు లక్క ముద్ర

1988 జులై, ఒక శుక్రవారం. సాయంత్రం యానాంలో మా బడి వదిలాక నా గదిలో హాజరైనవారు: హెడ్మాస్టరుగా నేను, సైన్సు టీచరుగారు, మా అటెండరు, కాకినాడ నుంచి జీపులో వచ్చిన ఇంజనీరు, పదో తరగతి ఆడపిల్లలు నలుగురు. వారిలో ముగ్గురిది దరియాలతిప్ప, ఒకరిది అడవిపొలం. ఆనాటి డైరీలో ఇదే వరసలో రాసుకున్నాను.

బల్ల మీద ఇంజనీరు తెచ్చిన రోబో ఇనుప చెయ్యి ఉంది. దానికి భుజం, మోచెయ్యి, మణికట్టు, చివర పట్టకారులాంటి రెండు వేళ్ళు ఉన్నాయి. వైరుకు వేలాడే మీటల డబ్బాతో దాన్ని ఆడించవచ్చు. ఇంజనీరు పనిచేసే శిక్షణ సంస్థ కొత్తవి కొనుక్కుని, వాడేసిన రెండింటిని రెండు పల్లె బడులకు ఇస్తోంది. మొదటిది మాకు. మా సైన్సు టీచరుగారు మూడుసార్లు ఉత్తరం రాసి సాధించారు.

నాకు నమ్మకం కలగలేదు. ఎనభై ఆరు వరద తరవాత మా బడికి వచ్చిన దానాలు చూశాను. ఫోటో తీసుకునేదాకా కొత్త దుప్పట్లు పైన ఉండేవి, ఫోటో అయ్యాక మూట విప్పితే అడుగున చిరుగులు. అందుకే చేతిని పావుగంట ఆడించి చూపించమన్నాను. సుద్దముక్క ఎత్తింది, దించింది. తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

అప్పుడు ఇంజనీరు ఒక మాట అన్నాడు. "చెయ్యి మీకేనండి. ఇది వచ్చిన చెక్క పెట్టె మాత్రం నేను పట్టుకెళ్ళాలి. స్కూలు లెటర్‌హెడ్ మీద, 'ఖాళీ పెట్టె, తెరవనక్కర్లేదు' అని రాసి సంతకం పెట్టివ్వండి, చెక్‌పోస్టులో చూపించుకుంటాను."

మా యానాం పాండిచ్చేరి పాలనలోది, ఇక్కడ మందు చవక. ఊరు దాటి కాకినాడ వైపు పోయే ప్రతి సంచినీ ఆంధ్రా చెక్‌పోస్టువాళ్ళు వెతుకుతారు. అలాంటి చోట తెరవకుండా వదలమని హెడ్మాస్టరు ఉత్తరం!

అటెండరు నా చెవి దగ్గరకు వంగాడు. "చెయ్యి మనకి, పెట్టె ఆయనకి అంటండి. అసలు సరుకు పెట్టేనేమోనండి, ఆయ్."

"పెట్టె ఎందుకండీ మీకు?" అని అడిగాను.

"లోపల స్పాంజి చేతి కొలతకి కోసి అతికించామండి. రెండో చెయ్యి కూడా ఇందులోనే వెళ్ళాలి. మొన్న మీ బడి చూడ్డానికొచ్చి వెళ్తుంటే నా పరుపుచుట్టని కూడా చువ్వతో పొడిచారండి. స్పాంజిని పొడిస్తే ఏం మిగుల్తుంది?"

జవాబు సరిగానే ఉంది. మరీ సరిగా ఉండటమే నాకు నచ్చలేదు. ఇవ్వనన్నాను.

ఆయనకు కోపం రాలేదు. "అయితే చేతిని పెట్టెలో పెట్టేసి తీసుకెళ్ళిపోతానండి, అది కనిపిస్తే స్పాంజిని పొడవరు. పెట్టె పాడైతే రెండో బడికి నేనేం చెప్పను?" అన్నాడు.

ఆడపిల్లలు బల్ల దగ్గర నుంచి కదల్లేదు. టీచరుగారు గొంతు తగ్గించి, "మేష్టారూ, ఒక్క కాయితం కోసం దీన్ని పోగొట్టుకుంటామా? మళ్ళీ ఎవరిస్తారండీ మనకి?" అన్నారు.

"ఆ పెట్టెలో ఒక్క సీసా దొరికినా సంతకం నాదమ్మా," అన్నాను.

చివరికి నాకు తెలిసిన పద్ధతిలో తేల్చాను. పెట్టెను నేనే తడిమి చూశాను. స్పాంజి కింద కూడా వేళ్ళు పెట్టాను. మూత బిగించి, పరీక్ష పేపర్ల కట్టలకు వేసినట్టే తాడు చుట్టి, నాలుగు వైపులా లక్క కరిగించి బడి ముద్ర వేశాను. రాత్రికి పెట్టె నా గదిలోనే ఉంటుందనీ, పొద్దున్న చెక్‌పోస్టుదాకా నేనూ వస్తాననీ చెప్పాను. ఆ షరతు మీద ఉత్తరం రాసిచ్చాను.

మర్నాడు ఏడింటికి జీపులో బయల్దేరాం. ఎక్కేముందు సీటు కింద చూశాను. ఇంజనీరు చూడనట్టు ఊరుకున్నాడు.

చెక్‌పోస్టు జవాను ఉత్తరం చదివాడు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఖాళీ పెట్టేనాండీ?"

"ఖాళీదే. హెడ్మాస్టర్ని నేను చెబుతున్నాను."

"ఖాళీదానికి నాలుగేపులా లక్కెవరేత్తారు మేష్టారూ? తాడు కట్టుకుంటే సాలదేటండీ?" అని లోపలికి కేకేశాడు. "ఒరేయ్, సువ్వట్టుకురా!"

నేను అడ్డుపడ్డాను. అడ్డుపడేకొద్దీ వాళ్ళ అనుమానం పెరిగింది. ముద్రలు పగలగొట్టి స్పాంజిని మూడు చోట్ల పొడిచారు. మణికట్టు ఆనే చోట పెద్ద ముక్క ఊడొచ్చింది. ఏమీ దొరక్కపోయేసరికి నా చేతిసంచీ కూడా విప్పించారు.

ఇంజనీరు ఆ ముక్కను ఏరి జేబులో పెట్టుకున్నాడు. నేను క్షమించమన్నాను. "పాత దుప్పటి కుట్టి సర్దుకుంటానులెండి. మీరు మాత్రం చేతిని బీరువాలో పెట్టి తాళం వేసేయకండి," అని జీపు ఎక్కాడు.

రిక్షాలో బడికి వచ్చేసరికి మొదటి గంట అయిపోయింది. తాళాలగుత్తి సైన్సు టీచరుగారికి ఇచ్చి, చేతిని పదో తరగతికి పట్టించుకెళ్ళమన్నాను. పిల్లలు దాన్ని ముట్టుకోకుండా హద్దుగా బల్ల మీద ఒక గీత గీయమందామనుకుని, మానుకున్నాను.