మా తోడికోడలి పాత ఫ్రిజ్

మొన్న మంగళవారం పొద్దున పిడుగురాళ్ల నుంచి ఫోన్ వచ్చింది. మా తోడికోడలు, అంటే మా ఆయన అన్నగారి భార్య, నిద్రలోనే పోయిందట. నలభై ఏళ్ళకు పైగా ఆమెను నేను అక్కా అనే పిలిచాను. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. ఆమె విషయంలో మంచికి కొదవ లేదు. కానీ ఆ మంచినంతా పక్క వాటాలో ఉండి చూస్తూ నేను కుళ్ళుకున్నాను. అది దాచిపెడితే ఆమె గురించి నేను నిజం రాసినట్టు కాదు.

ఎనభై రెండులో నేను కాపురానికి వచ్చాను. ఒకే వసారా, రెండు వాటాలు. బావగారు సున్నపు బట్టీలో ఫిట్టరు. అంతకుముందు సాగర్ డ్యాం దగ్గర పనిచేశారు. అక్కడి పనులు అయిపోయి అందరూ వెళ్ళిపోతున్నప్పుడు ఒక ఇంజనీరు దొర అమ్మేసిన ఫ్రిజ్‌ను లారీలో వేసుకుని ఇంటికి తెచ్చారు. అప్పటికే అది పాతది. గుండ్రటి భుజాలు, లారీ తలుపుకు ఉన్నట్టు బరువైన పిడి, మందపాటి రేకు. తలుపు వేస్తే వీధి చివరికి వినపడేది. మా వీధిలో మరో ఫ్రిజ్ లేదు.

పల్నాటి ఎండల సంగతి తెలిసినవాళ్ళకు ఆ ఫ్రిజ్ విలువ చెప్పక్కర్లేదు. జ్వరం వచ్చిన పిల్లాడికి ఐసు ముక్క, పెళ్ళికూతురి జడకు మల్లెలు, డాక్టరుగారి సూదిమందులు, అన్నీ అక్క వాటాలోకే వెళ్ళేవి. అందరూ నా గుమ్మం ముందు నుంచే నడిచి వెళ్ళేవాళ్ళు. నేను నరసరావుపేటలో ఇంటర్ చదివినదాన్ని. వీధిలో నా పేరు మాత్రం ‘ఫ్రిజ్జమ్మ తోడికోడలు’.

అక్క ఆ ఫ్రిజ్‌ను చంటిపిల్లలా చూసుకునేది. ప్రతి శుక్రవారం స్విచ్ తీసేసి, పేరుకున్న మంచు కరిగాక సోడా ఉప్పు నీళ్ళతో లోపలంతా తుడిచేది. తలుపు రబ్బరుకు పౌడరు అద్దేది. మా ఊళ్ళో సున్నపు దుమ్ము దేన్నీ వదలదు. ఫ్రిజ్ వెనక పైపుల మీద పేరుకున్న దుమ్మును పాత రంగుల బ్రష్షుతో దులిపేది. లైట్లు డిమ్ అయితే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి పరుగెత్తుకెళ్ళి స్విచ్ ఆపేది. ఎవరైనా తలుపు తీసి నిలబడితే, “తలుపు తీసి ఆలోచించబాకు, ఆలోచించుకుని తలుపు తియ్యి” అనేది.

మూడో ఏడు ఎండాకాలం ముందు నేను పోరగా పోరగా మా ఆయన గుంటూరు నుంచి కొత్త ఫ్రిజ్ తెచ్చారు. ఆకాశం రంగు. లోపల గుడ్లకు వేరే అర, కూరలకు వేరే పెట్టె. కుంకుమ బొట్లు పెట్టి కొబ్బరికాయ కొట్టాను. అక్క వచ్చి చుట్టూ తిరిగి చూసింది. తలుపు మీద వేలితో కొట్టింది. డబ్బా మోత మోగింది.

“బాగుందే. గోడకి కాస్త ఎడంగా జరుపు. మిషనుకైనా మనిషికైనా ఊపిరాడాలి” అంది.

ఓర్వలేక అంటోందనుకున్నాను. అలా అనుకోవడంలో నాకు ఎంత హాయి కలిగిందో ఇప్పటికీ గుర్తుంది. జరపలేదు.

మా అత్తగారికి చక్కెర వ్యాధి. రోజూ పొద్దున ఇన్సులిన్ చేయించుకోవాలి. మందు అక్క ఫ్రిజ్‌లో ఉండేది, సూది వేసేది కూడా అక్కే. లేచి మొహం కడుక్కోగానే అత్తగారు కర్ర పట్టుకుని అక్క వాటాలోకి నడిచేవారు. అక్కడే కాఫీ, అక్కడే కబుర్లు. ఆ నడక నా వైపు తిరగాలని నా కోరిక. “మన కొత్త ఫ్రిజ్‌లో పెడదాం అత్తయ్యా, సూది నేనూ నేర్చుకుంటా” అన్నాను. అక్క వెంటనే మందు సీసాలు తెచ్చి నా చేతికిచ్చింది. సూది ఎలా పట్టుకోవాలో చేయి పట్టి నేర్పింది. రెండు నెలలు అత్తగారు పొద్దున్నే నా గుమ్మంలోకి వచ్చారు. నేను గెలిచాననుకున్నాను.

మే నెలలో నా ఫ్రిజ్ ఆగింది. లైటు వెలుగుతోంది, చల్లదనం లేదు. నరసరావుపేట నుంచి వచ్చిన మెకానిక్ వెనక చూసి పెదవి విరిచాడు.

“గ్యాసు పోయిందమ్మా. కొత్తవాటిల్లో పైపులు మరీ సన్నం. గుంటూరు నుంచి సామాను రావాల. వారం పైనే పడుద్ది.”

“పక్క వాటాలో చెప్పబాకయ్యా” అన్నాను.

మందు సీసాలు పట్టుకెళ్ళి అక్క ఫ్రిజ్‌లో పెడితే సరిపోయేది. పది అడుగుల దూరం. నా కాళ్ళు కదల్లేదు. ఆగిపోయిన ఫ్రిజ్‌లోనే వాటిని ఉంచి, ఏమీ జరగనట్టు రోజూ సూది వేశాను. మందు చూడటానికి మామూలుగానే ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అత్తగారు చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతుంటే ఎండల వల్ల అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆమె వసారాలో కూర్చున్నచోటే ఒరిగిపోయారు. అక్క పరుగున వచ్చింది. అత్తగారి కళ్ళు చూసింది, లేచి నేరుగా నా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీసి లోపల చెయ్యి పెట్టింది.

“ఎన్నాళ్ళయిందే?”

“తొమ్మిది రోజులు.”

బయటికి పరుగెత్తి బావగారికి కబురు పంపింది. బావగారు బట్టీ నుంచి జీపు తెచ్చారు. నరసరావుపేట ఆస్పత్రిలో డాక్టరు మమ్మల్ని చూసి అరిచాడు. “మందు ఎక్కడ పెట్టారు? చచ్చిన మందు పొడిచారు ఈమెకి. ఎవరు చూసుకుంటారు?”

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అక్క అంది. “నేనేనండీ. కొత్త సీసాలు తెచ్చి ఎండలో బయట పెట్టి మరిచిపోయా. అవే దీని చేతికిచ్చా.”

నాలుగు రోజులకు అత్తగారు కోలుకుని ఇంటికి వచ్చారు. ఆ రోజు నుంచి పోయేదాకా, వచ్చినవాళ్ళందరికీ “మా పెద్దకోడలు నన్ను చంపబోయింది” అని చెప్పారు. మందు, సూది నేను మళ్ళీ అక్కకే ఇచ్చేశాను. ఆ మాట వింటూనే అక్క సూది కాచి మందు ఎక్కించేది. నేను సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ సిగ్గు అడుగున ఎక్కడో, అక్క పేరు కూడా మాసిందన్న తృప్తి ఉండేది. ఇది రాయాలని లేదు. కానీ ఉండేది.

ఒకనాడు దండెం దగ్గర బట్టలు ఆరేస్తూ అడిగాను. “ఎందుకట్లా చెప్పావక్కా?”

“నువ్వొచ్చి మూణ్ణాళ్ళు కాలా. నీకా పేరు పడితే జన్మలో పోదు. నేను పాతదాన్ని. సొట్ట పడితే పడింది, ఏమైద్ది?”

మనసు కరగాల్సింది. కరగలేదు. నేను ఎప్పటికీ అలా అనలేనని తెలిసి ఇంకా కుళ్ళుకున్నాను. ఎనభై తొమ్మిదిలో అత్తగారు పోయారు. ఆమెకు నిజం చెప్పలేదు. మా పిల్లలకు కూడా ఇది చదివితేనే తెలుస్తుంది.

మేము నరసరావుపేటకు మారాక నేను నాలుగు ఫ్రిజ్‌లు మార్చాను. ఒకటి ఆరేళ్ళు వచ్చింది, ఒకటి నాలుగు. ప్రతిసారీ మెకానిక్ ఒకటే మాట, “లోపలంతా సీలండీ, బాగుచెయ్యటం కన్నా కొత్తది కొనుక్కోండి.” అక్క ఫ్రిజ్‌కు బావగారు దొరికిన రబ్బరు కోసి అంటించారు, పిడి విరిగితే బట్టీలో కొత్తది చేయించారు. ఏది పాడైనా విప్పి చూడటానికి వీలుండేది. కరెంటు మాత్రం తెగ తాగేది. ఆ సంగతి నేను అందరికీ పనిగట్టుకుని చెప్పేదాన్ని. మా మనవరాలు పుట్టేదాకా అది పనిచేసింది.

పోయిన కార్తీకంలో వెళ్ళినప్పుడు మంచం మీద కూర్చుని వక్క నములుతోంది. ఎందుకో ఆ రోజు అనేశాను. “అక్కా, నీ మీద నాకు చానా కుళ్ళుండేది.”

“ఉండేదేంది? ఇప్పుడు లేదా?”

“ఉంది.”

“మరింకేంది. కూర్చో, అన్నం తిని పోదువుగాని” అని నవ్వింది.

మంగళవారం మేము చేరేసరికి విశాఖ నుంచి కూతురు రావాలని ఆమెను అద్దాల ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టారు. బయట ఎండ మండుతోంది. పెట్టె అద్దం మీద మాటిమాటికీ ఆవిరి పట్టి మొహం కనపడటం లేదు. నేను పక్కన కుర్చీ వేసుకుని పమిట చెంగుతో తుడిచాను. కాసేపు కనపడింది, మళ్ళీ మసకబారింది. మళ్ళీ తుడిచాను. ఆమె చిన్నకోడలు వచ్చి, “మీరు లేవండి అత్తయ్యా, నేను తుడుస్తా” అని చెయ్యి చాపింది. ఆ పిల్ల చెయ్యి పక్కకు నెట్టేశాను. సాయంత్రం పెట్టె తెరిచేదాకా ఆ అద్దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.