పగ్గం చివర పట్టుకున్న చెయ్యి

మా పిల్లలందరినీ ప్రాణాలతో ఇల్లు చేర్చిన దేవునికి స్తోత్రం. ఆయన పేరెత్తి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. ఇది జరిగింది. నాకే జరిగింది.

మాది ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు పక్క ఊరు. ఆదివారం సాయంత్రం మందిరంలో పిల్లలకు క్రిస్మస్ నాటకం నేర్పి, చీకటి పడ్డాక మా పేటకు నడిపించుకుని పోతాను. ఆ రోజుల్లో రోడ్డు అంచంతా మొక్కజొన్న ఆరబోసి, చుట్టూ రాళ్లు పెడతారు. అన్నం తొక్కకూడదని పిల్లలకు మేమే నేర్పుతాం. అందుకని వాళ్లు రోడ్డు మీదే నడుస్తారు.

ఆ రాత్రి కూడా ముందు నేను, టార్చి పట్టుకుని. ఎద్దుల పగ్గం ఒక కొస నా మణికట్టుకు. దాన్ని పట్టుకుని పిల్లలు వరసగా.

"అక్కా, మేమేమన్నా ఎద్దులమా?" అన్నాడొకడు.

"ఎద్దులైతే సెప్పిన మాట ఇంటాయి. నడువ్ రా!"

అందరూ నవ్వారు.

అప్పుడు... పగ్గం కదిలింది. చిన్నగా. గింజల వైపు.

"ఎవర్రా లాగేది?"

గింజల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు... కరకర... కరకర...

మళ్లీ లాగింది. ఈసారి ఎంత బలంగానంటే, రాళ్లు దాటి మొక్కజొన్నలో పడ్డాను. పిల్లలంతా నా మీద పడ్డారు.

వెనక నుంచి లైట్లు లేని లారీ... మేము నడుస్తున్న చోటు మీదుగా దూసుకుపోయింది. ఆగలేదు.

ఒక్కొక్క పేరే పిలిచాను. అందరూ పలికారు. అందరికన్నా వెనక ఉన్నది ఏడేళ్ల మార్త.

"లాగింది నువ్వేనా?"

"నేను గాదక్కా. నా ఎనకుండే పాప."

"నీ ఎనక ఎవురూ లేరు గదే!"

"ఉండె. దాని చెయ్యి సల్లగా ఉండె."

టార్చి వేశాను. ఆరబోసిన గింజల్లో చిన్న అడుగులు... మేము వచ్చిన దారి పొడవునా, మా పక్కపక్కనే. మా పిల్లలెవరూ అంతవరకు గింజల్లో కాలు పెట్టలేదు.

గింజలకు కాపలా ఉన్న తాత పరుగెత్తుకొచ్చాడు. నిరుడు అక్కడే ఒక పాపను బండి గుద్దిందని చెప్పాడు.

పాస్టరుగారు దేవదూత అన్నారు. ఆమెన్ అన్నాను. కానీ దేవదూత పాదం అంత చిన్నగా ఉంటుందా? చనిపోయినవాళ్లు తిరుగుతారని వాక్యం చెప్పదు. మరి అది ఎవరు? ఈరోజుకీ నాకు తెలియదు.

ఇప్పుడు పిల్లలను గింజల మీదే నడిపిస్తున్నాను. రైతులు తిడతారు. "తిట్టన్నా, పిల్లోళ్లు బతికుండారు" అంటాను. పగ్గం కొస మాత్రం... ఒక మూర వదిలి పట్టుకోమంటాను.

ఇది చదివిన మీరూ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని నాతోపాటు అడగండి. ప్రభువా, ఆ రోడ్డున నడిచే పసిపాదాలకు కాస్త అంచు మిగిల్చు.