నీలం వచ్చిన రోజు

పెడనలో గోవర్ధనరావుగారి కలంకారీ షెడ్డులో నీలిబాన దగ్గర పనిచేసిన మాణిక్యమ్మ మా పక్కింటావిడ. నేను పిన్నీ అని పిలిచేదాన్ని. బానలోంచి తీసినప్పుడు గుడ్డ పచ్చగా ఉంటుంది, గాలి తగిలాక నీలానికి తిరుగుతుంది. ఎన్ని మునకలకు ఎంత నీలమో ఆవిడకు చూపుతోనే తెలిసేది.

"కళ్ళు మాణిక్యానివి, షెడ్డు నాది" అని గోవర్ధనరావుగారు నవ్వేవారు.

"కూలి కూడా కళ్ళకే ఇస్తున్నట్టున్నారు బాబుగారూ, చేతులకేం రావట్లేదు" అనేది ఆవిడ.

భర్త పోయాక ఆవిడకు మిగిలింది కూతురు ప్రసన్న ఒక్కతే. 1995లో, తొమ్మిదేళ్ళ వయసులో, ఆ పిల్లకు షుగరు బయటపడింది. రోజూ ఇన్సులిన్ ఇవ్వాలన్నారు బందరు ఆసుపత్రిలో. హన్నా అనే నర్సు ఇంజక్షన్ చేయడం, మూత్రం కాచి చూడటం నేర్పింది. గాజు గొట్టంలో నీలంరంగు మందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద కాచాలి. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చ, పసుపు, నారింజ. బాగా ఎక్కువైతే ఇటుక ఎరుపు.

"ఇది నా పనే సిస్టరమ్మా" అంది మాణిక్యమ్మ.

వేలు పొడిచి రక్తపు చుక్కతో చూసుకునే స్ట్రిప్పులూ ఉండేవి. ఆ స్ట్రిప్పుల సీసా ధర ఆవిడ వారం కూలికన్నా ఎక్కువ. హన్నా ఎలాగో ఒక సీసా ఇప్పించి, ఒక్కో స్ట్రిప్పును నిలువునా రెండుగా కోసుకోమంది. మాణిక్యమ్మ బ్లేడుతో మూడుగా కోసింది. గొట్టంలో ఎరుపు వచ్చే రోజులకని దాచింది.

ఆసుపత్రిలో చూపించడానికి ఏ రోజు ఏ రంగు వచ్చిందో రాసుకోవాలి. ఆవిడకు చదువు రాదు. నేను రాసిపెడతానన్నాను.

"నువ్వు ఎరుపు అని రాస్తావు. ఎంత ఎరుపో డాక్టరుగారికి ఎలా తెలుస్తుందే?" అంది.

ప్రసన్న పాత నోటుబుక్కులో తేదీలు వేసేది. తల్లి షెడ్డులోని రంగులే కలిపి, గొట్టంలో వచ్చిన ఛాయ వచ్చేదాకా చూసి, తేదీ పక్కన వేలితో అద్దేది. మొదటి పేజీలు ఎర్రగా ఉండేవి. రానురాను పసుపు, ఆకుపచ్చ కనిపించాయి. షెడ్డులో నీలం బాగా పండిన రోజున అందరికీ టీ ఇప్పించేవారు. ఇంట్లో నీలం వస్తే ప్రసన్న టీ పెట్టేది, పంచదార లేకుండా.

1997 ఏప్రిల్, ఒంటిపూట బడులు, ఏడాది చివరి పరీక్షలు. వారం రోజులుగా వరసగా నీలమే వస్తోంది.

"అమ్మా, చేతులు వణుకుతున్నాయి" అంది ప్రసన్న ఆ ఉదయం.

"పరీక్షంటే నీకెప్పుడూ వణుకేగా. రంగు చూడు, బానలోంచి తీసి ఆరేసిన గుడ్డలా ఉంది. ఇవాళ నీకేం లేదు."

"నన్ను కూడా గుడ్డలాగే చూస్తావు నువ్వు."

"గుడ్డయితే ఇంత పేచీ పెట్టదు. తిని వెళ్ళు."

రోజూ ఇచ్చేంత ఇన్సులినే ఇచ్చింది. పిల్ల రెండు ముద్దలు తిని, ఆలస్యమవుతోందని పరుగెత్తింది.

మధ్యాహ్నం బడి నుంచి నేరుగా షెడ్డుకు వచ్చింది. ఒళ్ళంతా చెమట. ఏప్రిల్‌లో పెడనలో చెమట పట్టనిదెవరికి? "నిద్రొస్తోందమ్మా" అని మడిచిన గుడ్డల మూట మీద పడుకుంది. మాట ముద్దగా వచ్చింది. పొద్దున్నే లేచిన పిల్ల కదా అని, మాణిక్యమ్మ పక్కవాళ్ళను నెమ్మదిగా మాట్లాడమంది.

గంటన్నర తర్వాత లేపితే లేవలేదు. గోవర్ధనరావుగారు ఆటో పిలిపించారు. బందరు ఆసుపత్రిలో మూడు రోజులు కళ్ళు తెరవకుండా ఉండి, నాలుగో రోజు పోయింది.

"స్ట్రిప్పు మీద చూశావా?" అని మొదటి రోజే అడిగింది హన్నా.

"నీలమేగా సిస్టరమ్మా. స్ట్రిప్పులు ఎర్ర రోజులకని దాచాను."

నీలమంటే మూత్రంలో షుగరు లేదని మాత్రమే. రక్తంలో సరిపడా ఉందో, ప్రాణం నిలవనంత తక్కువైందో ఆ గొట్టం చెప్పదు. వణుకు, చెమట వస్తే ముందు తీపి పెట్టాలని హన్నా చెప్పే ఉంది. మాణిక్యమ్మ ఆ మాట మరిచిపోలేదు. నీలం వచ్చిన రోజున దానితో పనిలేదనుకుంది.

ప్రసన్న పడుకున్న మూటకు మూరెడు దూరంలోనే నల్లరంగు కుండ ఉంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టేది. పక్కనే మర్నాటికని తెచ్చిన బెల్లపు అచ్చు.

పెద్దకర్మ అయ్యాక ఆవిడ షెడ్డుకు వెళ్ళి, "నన్ను నీలం దగ్గర పెట్టకండి బాబుగారూ" అంది. ఆ తర్వాత ఆవిడ చివరిదాకా కాలవలో గుడ్డలు జాడించే పనే చేసింది.

ఆ వేసవిలోనే ఒకరోజు స్ట్రిప్పుల సీసా పట్టుకుని బందరు బయల్దేరింది. తోడు నేనూ వెళ్ళాను.

"ఇంకో పిల్లకివ్వండి సిస్టరమ్మా" అంది. "నీలం వచ్చిన రోజు కూడా చూడమని చెప్పండి."

హన్నా సీసా అటూ ఇటూ తిప్పింది. ఎర్ర రోజులకని దాచిన వాటి గడువు వెనకటి డిసెంబరులోనే తీరిపోయింది. ఆ తేదీ హన్నా చదివింది, నేనూ చదివాను. మాణిక్యమ్మ మా మొహాలు చూస్తూ నిలబడింది.

"చెప్తాను" అని హన్నా సీసాను జేబులో వేసుకుంది.