మొగిలి సర్దార్ దేశపటం

నస్పూర్ కాలనీలో మొగిలి సర్దార్ అంటే తెలియనివారు లేరు. చదివింది ఊరిబడిలోనే అయినా, నదుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పి పంతులుగారి చేతుల మీదుగా కొత్త పలక అందుకున్నవాడు. బొగ్గుబాయిలో పనివాళ్ల మీద సర్దారుగా ఉన్నన్నాళ్లూ తన జట్టులో ఒక్క ప్రాణం పోనివ్వలేదు. కాలనీకి మంచినీళ్ల నల్లా తెప్పించిందీ ఆయనే.

ఆయనకొక గట్టి నమ్మకం. బాయిలో బొగ్గు కొట్టే చోటు రోజూ ముందుకు జరగాలి; ఆగిందంటే బాయి మూతపడినట్టే. దేశమూ అంతే, పెరగడం దాని రాతలోనే ఉంది. పెరగబోయే ఆ దేశాన్ని తన క్వార్టరు గోడ మీద గీసి, పంద్రాగస్టు నాడు అందరి ముందూ ఉపన్యాసం ఇవ్వాలని పూనుకున్నాడు. తూర్పు దిక్కు కులాసాగా సాగింది. పడమటికి వచ్చేసరికి గోడ అయిపోయింది. ఆ పక్కది అతుక్కుని ఉన్న రాజేశం క్వార్టరు. రాజేశం ఆయన జట్టులో పనిచేసినవాడే.

మొగిలి కుంచెతోనే వెళ్లాడు.

"రాజేశం, నీ గోడ జర కావాలె."

"ఎంత అన్నా?"

"కాబూల్ దాంక."

"కాబూల్ యాడికొస్తది?"

"మీ కిటికీ కాడికి."

రాజేశం భార్య కనకవ్వ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"గిదేం ముచ్చట బావా! మొన్ననే సున్నమేసిన. నీ దేశానికి నా గోడనే దొరికిందా? అటు దిక్కు పెంచుకోరాదు?"

"అటు నల్లా అడ్డమున్నది కనకవ్వా. అయినా రాసిపెట్టి ఉన్నదాన్ని ఎవలాపుతరు?"

రాజేశం బీడీ ముట్టించాడు.

"అన్నా, మన బాయికీ పక్క బాయికీ నడుమ బొగ్గు ఎందుకు ఇడిసిపెడ్తుంటిమి?"

"అది కొడ్తే అవుతలి నీళ్లొచ్చి మనోళ్లు మునుగుతరు."

"మంచి బొగ్గే గద?"

"అవ్వల్ బొగ్గు."

"ఎవడన్న కొడ్తనంటే?"

"అప్పుడే పైకి తోల్తుంటి."

"తోలినవ్ గద. నన్నే."

మొగిలి కుంచె దించాడు. బాయిలో తాను ఆడిన మాట ఎన్నడూ వెనక్కి తీసుకున్నవాడు కాడు. రెండు గోడలు కలిసేచోట, తన వైపే మూరెడు కొలిచి సుద్దగీత గీశాడు. హద్దు దగ్గర వదిలేది ఎప్పుడూ మన వైపు నుంచే వదలాలి. ఆ మూరెడు మేరా గీసిన పటం మీద సున్నం కొట్టేశాడు.

పంద్రాగస్టు నాడు జెండా ఎగిరాక కనకవ్వ పటాన్ని పరీక్షగా చూసింది.

"బావా, పోయినేడు మేం పోయొచ్చిన ద్వారక ఏది?"

"నీళ్లు రాకుంట ఇడిసిపెట్టిన" అని మొగిలి గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు.