కాన్పయ్యాక పెట్టిన చుక్కలు

మేమంతా పెద్దక్క అని పిలిచే సీనియర్ నర్సుకు నోరెక్కువ అంటారు. నిజమే. ముప్పై ఏళ్లు కాన్పు గదిలో నిలబడ్డ మనిషికి నోరు లేకపోతే ఎవరి ప్రాణం నిలుస్తుంది? ముగ్గురు మరదళ్లకూ తనే పురుడు పోసింది. "నేను కనబడితే పిల్లలకంటే ముందు మా తమ్ముళ్లే ఏడుస్తారు" అని నవ్వేది.

కొత్త నర్సులమైన మాకు నేర్పడానికి వచ్చిన రోజే, మేం అంతకుముందు నింపిన చార్టులు ముందేసుకుంది. నొప్పులు పడుతున్నంతసేపూ గర్భసంచి నోరు ఎంత తెరుచుకుందో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో అప్పటికప్పుడు చుక్కలు పెట్టాల్సిన కాగితాలవి. అన్నిట్లోనూ ఒకే సిరా. ఏ తల్లికీ గంట ఆలస్యమైన జాడ లేదు.

"బిడ్డ పుట్టాక టీ తాగుతూ నింపారు కదూ?"

మేం అవునని తలూపాం.

"చూడకపోతే ఖాళీగా వదలండి, తిడతాను. చూసినట్టు రాస్తే మాత్రం ఈ గదిలోకి రానివ్వను."

మూడో వారం ఒక మధ్యాహ్నం తొలిచూలు అమ్మాయికి చుక్కలు పెడుతున్నాను. చుక్కల వరుస చార్టు మీది హెచ్చరిక గీత దాటి కుడివైపు జరిగింది. కాన్పు సాగడం లేదన్నమాట. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది. డాక్టరుగారికి ఫోన్ చేశాను.

"తొలి కాన్పు కదా, సాయంత్రం దాకా చూద్దాం" అన్నారు.

అరగంటాగి మళ్లీ చేశాను. అదే మాట. పెద్దక్క ఫోన్ లాక్కుంది.

"పెద్దాసుపత్రికి పంపించేస్తున్నా సార్."

"నా అనుమతి లేకుండానా?"

"బిడ్డ మీ అనుమతి అడిగి ఊపిరి ఆపుకోదు కదండీ!"

అంబులెన్సులో తనే కూర్చుంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తల్లీబిడ్డా దక్కారు.

మర్నాడు డాక్టరుగారు ఖాళీ చార్టు తెచ్చి నా ముందు పెట్టారు. "మళ్లీ రాయమ్మా. నువ్వు ఒక్కసారే ఫోన్ చేశావు, నేను వెంటనే పంపించమన్నాను అని. నీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కదా?"

పెద్దక్క ముఖం ఎర్రబడింది. "ఆ పిల్లనెందుకు బెదిరిస్తారు? నన్ననండి" అంది.

నాకు భయం వేసింది. దాన్ని మించి ఒళ్లు మండింది. రెండుసార్లు ఫోన్ చేసింది నేను. ఆ బిడ్డ గుండె నెమ్మదించడం నా చెవులతో విన్నాను. కాగితం ఆయన వైపు తోశాను.

"మీరే రాసి, మీరే సంతకం పెట్టండి సార్."

డాక్టరుగారు జేబులోంచి పెన్ను తీశారు. మూత మాత్రం తీయలేదు.