నీళ్ళ మీద వేసిన నింద

ఏళ్ళ తరబడి ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. మాది పరుపులు కుట్టే ఇల్లు. మోసిన పరుపుల నొప్పి తెల్లారితే పోతుంది. ఇది పోలేదు. నా పేరు చెప్పను. మీరెవరో నేనెరగను, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అక్కా నేనూ మేనత్త కొడుకులను చేసుకున్నాం, అన్నదమ్ములను. మావాళ్ళలో మేనరికం ఉండగా బయట సంబంధం చూస్తే అత్త ఏడాదంతా అలుగుతుంది. జువ్వలదిన్నె దగ్గర మా రెండిళ్ళకూ ఒకటే గోడ. నాకు ఒక కూతురు, అక్కకు ఒక కొడుకు, మస్తాన్. ఇద్దరికీ పళ్ళు ఒకేలా వచ్చాయి. చిన్నవి, పచ్చనివి, పైన మెరుపు లేనివి. చిగుళ్ళు ఉబ్బి కొన్ని బయటికే రాలేదు. ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు. పచ్చ పళ్ళు కనిపిస్తే బోరు నీళ్ళను తిట్టడం మా వైపు అలవాటు. మేమూ తిట్టాం.

కూతురికి సంబంధాలు చూస్తున్న రోజుల్లో, పళ్ళకు తొడుగులు వేయిద్దామని నెల్లూరు తీసుకెళ్ళాను. పళ్ళ డాక్టరమ్మ నోరు చూసి, మళ్ళీ చూసి, కడుపు స్కానింగు రాసింది. కిడ్నీలలో సున్నం పేరుకుంటోందని తేలింది. ఇది నీళ్ళ వల్ల కాదని, పళ్ళ పై పొరనూ కిడ్నీలనూ కలిపి పట్టే అరుదైన జబ్బని, పుట్టుకతోనే వస్తుందని, దగ్గర సంబంధాలు చేసుకున్న ఇళ్ళల్లో ఎక్కువగా కనబడుతుందని ఓపికగా చెప్పింది. నీళ్ళు బాగా తాగించమంది. ఇంట్లో ఇలాంటి పళ్ళున్న పిల్లలు ఇంకెవరైనా ఉంటే ఆలస్యం చేయకుండా చూపించమంది. ఉన్నాడని నేను చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలో ఉంది.

"ఏమన్నిందిమే డాక్టరమ్మ?"

"ఏముందక్కా, నీళ్ళేనంట."

"నేను చెప్పలా! మావాడికి గూడా చూపీమంటావా?"

"ఎందుకక్కా దండగ? వయసొచ్చినాక తొడుగులు ఏయిస్తే సరిపోతాది."

ఎందుకలా అన్నాను? అక్క నోట్లో నువ్వుగింజ నానదు. కిడ్నీ అన్న మాట వీధి దాటితే కూతురి సంబంధం చెడుతుందని భయపడ్డాను. భయమేనా? మస్తాన్‌కు ఏం కావచ్చో ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడే నాకు తెలుసు. తెలిసి, నా పిల్లను చూసుకున్నాను. పెద్దమ్మకు చెప్పావా అని కూతురు అడిగితే చెప్పానన్నాను.

అబద్ధం అక్కడితో ఆగినా బాగుండేది. అక్క నా మాట నమ్మి కొడుకు చేత బోరు నీళ్ళు పూర్తిగా మాన్పించింది. క్యాను నీళ్ళు తెప్పించి, అయిపోతే మళ్ళీ బోరే గతి అని గ్లాసుతో కొలిచి పోసేది. వాడు ఎండలో దూది ఏకి వచ్చి ఇంకో గ్లాసు అడిగితే, "చాల్లేరా, రేపటిదాకా రావాల" అనేది. గోడ ఇవతల నేను నా కూతురి చేత చెంబులు చెంబులు తాగిస్తున్నాను. ఒక్క కేక వేస్తే సరిపోయేది. ఎందుకు వేయలేదు? ముందు చెప్పిన అబద్ధం బయటపడుతుందని. అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

కూతురి పెళ్ళయింది. కిడ్నీల సంగతి తర్వాత తనే మొగుడికి చెప్పుకుంది. "ముందే చెప్పుంటే మాత్రం నిన్ను వద్దంటానా" అన్నాడట. మంచివాడు. ఆ మంచితనం విన్న రోజు నాకు చచ్చిపోవాలనిపించింది.

మస్తాన్ కాళ్ళు వాచి పడిపోయాక కిడ్నీలు చాలావరకు పోయాయని తెలిసింది. ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. నీళ్ళు నిజంగానే కొలిచి తాగాలి. అక్కడి డాక్టరు వాడి పళ్ళు చూసి, ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదా అని అడిగితే, "మాకెవరు చెప్తారయ్యా, పళ్ళ డాక్టరమ్మ గూడా నీళ్ళేననిందంట" అంది అక్క. నేను ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉన్నాను. ముందే తెలిసుంటే జబ్బు ఆగేదా అని తర్వాత ఒంటరిగా వెళ్ళి ఆయన్ను అడిగాను. కచ్చితంగా చెప్పలేం, కొంత నిదానించి ఉండేదేమో అన్నాడు. ఆ "చెప్పలేం" పట్టుకుని కొన్నాళ్ళు బతికాను. ఇప్పుడు "ఏమో" ఒక్కటే వినబడుతోంది.

నా చెల్లెలు లేకపోతే ఏమైపోయేదాన్నో అని అక్క అందరితో అంటుంది. ఆమెకు చెప్పగలనో లేదో తెలియదు. చెప్తే క్షమిస్తుందేమోనన్నదే ఎక్కువ భయం. తెలిసే చేశాను. ఈ మాట ఇంతవరకు నాకు నేను కూడా అనుకోలేదు. ఇది రాశాక ఆకలేసింది. చాలా రోజులకు కడుపునిండా అన్నం తిన్నాను. తింటున్నందుకు సిగ్గేసింది. అయినా తిన్నాను.